అంగన్‌వాడీ పిల్లల చేత పాటలు పాడించబోయే అమ్మాయికి

అమలాపురం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

గోదావరి లంకలోని అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు పాటలు నేర్పబోతున్నానని, ఏ పుస్తకాలు కొనమంటారని అడిగావు. కొనడానికి తొందర లేదు. కొన్నాళ్లపాటు అసలు పుస్తకం తెరవకుండా, పిల్లల ముఖాల్లోకి చూస్తూ పాడు. చెవికి అలవాటైన పాటనే వాళ్లు తరువాత పుటలో గుర్తుపడతారు.

శ్రుతి విషయంలో జాగ్రత్త అవసరం. మనకు సుఖంగా ఉండే కింది స్థాయి పసి గొంతులకు అందదు కనుక, హార్మోనియం మీద రెండో శ్రుతిని షడ్జంగా, అంటే ‘స’గా పెట్టుకొని, పంచమం, అంటే ‘ప’ దాటని చిన్న వరసలు ఎంచుకో. వరస తప్పిన పిల్లవాణ్ణి ఆపి సరిదిద్దవద్దు. పక్కన కూర్చోబెట్టుకొని అదే పాదం మళ్లీ పాడితే చాలు. పెదవి కదపని పిల్లను బలవంతపెట్టకు. అటువంటి పిల్లలే ఇంటికి వెళ్లి, ఉయ్యాలలోని చెల్లెలికి పాటంతా అప్పజెబుతారు.

ఇక పుస్తకాలు. మొదటివి నీవే తయారుచెయ్యి. డ్రాయింగ్ షీట్లు మధ్యకు మడిచి కుట్టి, పుటకు రెండు పాదాలకు మించకుండా పెద్ద అక్షరాలతో వ్రాసి, బొమ్మలు పిల్లల చేతనే వేయించు. నలుగురికి ఒక పుస్తకం చొప్పున చాప మీద పరచి, పాడుతున్న మాట కింద కొబ్బరి ఈనెను జరుపుతూ పో. రాగం తీసిన చోట ఈనె ఆగాలి, మాట మారినప్పుడే కదలాలి. పుట తిప్పే పని వంతులవారీగా అప్పగిస్తే తగవులు ఉండవు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, పుస్తకాన్ని ఇళ్లకు పంపడం. శనివారం ఒక పిల్లకు ఇచ్చి సోమవారం తెప్పించుకో. చివర నాలుగు తెల్లకాగితాలు వదిలిపెడితే, చదువు రాని మామ్మ పాడిన పాటను ఇంట్లో వ్రాయగలవారు అందులో ఎక్కిస్తారు. ఒకే పాట ఈ పేటలో ఒకలా, ఆ పేటలో మరోలా వినిపిస్తే, ఏది సరైనదని తేల్చకుండా రెండూ ఉంచు. జానపద గేయాల సేకరణకు జీవితం ధారపోసిన నేదునూరి గంగాధరంగారు మన గోదావరి సీమవారే. ఆయన పోగుచేసినవన్నీ ఇటువంటి నోళ్లలోని పాటలే. చిరిగిందని ఎవరినీ కోప్పడకు, ఆ భయంతో తల్లులు పుస్తకాన్ని అటక ఎక్కిస్తారు.

వానాకాలం మన నేల చెమ్మకు కాగితం త్వరగా పాడవుతుంది. అట్టలు వేసి, ఎండిన వేపాకు మధ్యలో ఉంచి, గోడకు ఆనించకుండా రేకుపెట్టెలో పెట్టు.

అట్లతద్దె పాటలు వచ్చిన ముసలివాళ్లు మీ లంకలో ఇంకా ఉన్నారు. ఆశ్వయుజం వచ్చేదాకా ఆగకుండా ఇప్పటి నుంచే వాళ్ల దగ్గర కూర్చో. నా దగ్గర ఉన్న గొబ్బి పాటల నోటుపుస్తకం తెలిసినవారి చేతికిచ్చి పంపుతున్నాను. నకలు వ్రాసుకొని సంక్రాంతి నెల పట్టే లోపు తిరిగి పంపించు.

ఇట్లు,
నీ పెద్దమ్మ