తాళంచెవి ఎవరి దగ్గరుంది?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది తిరువొత్తియూర్. తాతల కాలంలో పులికాట్ పక్క నుంచి వచ్చాం, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. నాకు 28 అడుగుల ఫైబరు బోటు, 9.9 హెచ్.పీ. ఇంజను ఉన్నాయి. నేను, తమ్ముడు, కూలికి ఇంకో మనిషి కలిసి వేటకు పోతాం. అక్టోబరులో తుపాన్లకు భయపడి బోటును ఎన్నూర్ దారిలో ఒక ప్రైవేటు యార్డులో పెట్టాను. నెలకు 2,500 అద్దె. అడుగున పగులుంటే ఫైబరు అతుకు కూడా వెయ్యమన్నాను, దానికి 8,000. ఇంజను బోటుకే బిగించి ఉంది. జీపీఎస్, బ్యాటరీ మాత్రం బోటులోని చెక్కపెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి ఇంటికి తెచ్చుకున్నాను. యార్డు గేటు తాళం వాళ్ళదే. రాత్రిపూట వాచ్‌మన్ ఉంటాడన్నారు. డిసెంబరు 20న తమ్ముడు వెళ్ళి డ్రమ్ములో నీళ్ళు పెట్టి ఇంజను నడిపి చూసి వచ్చాడు. సంక్రాంతి అయ్యాక నేను వెళ్తే ఇంజను కింది గేర్ బాక్సు, ఫ్యాను, పైన కార్బొరేటర్ ఊడదీసుకుపోయారు. పెట్టె పగలగొట్టి జీపీఎస్, బ్యాటరీ కూడా పట్టుకుపోయారు. మెకానిక్ మొత్తం 74,000 అవుతుందన్నాడు. యార్డు ఆయనను అడిగితే రసీదు వెనక అచ్చేసిన మాట చూపించాడు: దొంగతనానికి మేము పూచీ కాదు, వస్తువు యజమానిదే బాధ్యత అని. మధ్యలో మీ తమ్ముడు వచ్చి వెళ్ళాడుగా, ఎవరు తీశారో మాకేం తెలుసు అంటున్నాడు. అద్దె, అతుకు డబ్బులు కట్టేదాకా బోటు వదలడట. పోలీసులు సీఎస్ఆర్ చీటీ ఇచ్చి పంపారు. ఇరవై రోజులుగా వేట లేదు. నాకు న్యాయం ఉందా?
(పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: ఉంది బాబూ. అయితే ఇంజను విషయంలో ఉన్నంత బలం జీపీఎస్ విషయంలో లేదు. ఎందుకో చెబుతాను.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడినవి రెండు తాళాలు. గేటు తాళం వాళ్ళది. పెట్టె తాళం మీది.

ఒక పని కోసం మన వస్తువును ఇంకొకరి చేతికి ఇచ్చి, పని అయ్యాక తిరిగి ఇవ్వాలని అనుకోవడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ బెయిల్‌మెంట్ అంటుంది. మన మాటలో అప్పగింత. అప్పగింత అయితే 151వ సెక్షన్ వస్తుంది: వస్తువు పుచ్చుకున్నవాడు, తెలివైన మామూలు మనిషి అంతే విలువైన తన సొంత వస్తువును ఎలా చూసుకుంటాడో అలా చూసుకోవాలి. అంత జాగ్రత్త పడినా పోతే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, అతను బాధ్యుడు కాడని 152 చెబుతుంది. అంటే దొంగతనం జరగడం ఒక్కటే చాలదు, జాగ్రత్త పడలేదని తేలాలి. మీకు మేలు చేసే సంగతి ఏమంటే, జాగ్రత్త పడ్డానని చూపించాల్సిన భారం వస్తువు ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మీదే పడుతుంది. యార్డు లోపల ఆ రాత్రి ఏం జరిగిందో తిరువొత్తియూర్‌లో పడుకున్న మీకెలా తెలుస్తుంది?

మా నాన్నగారు రాయపురంలో ఒక గిడ్డంగి గుమాస్తా. కార్తీకమాసపు వానల్లో అర్ధరాత్రి లేచి, గొడుగు వేసుకుని గిడ్డంగి దాకా నడిచి, తాళం ఒకసారి లాగి చూసి వచ్చేవారు. “పరాయి సరుకమ్మా” అనేవారు అడిగితే. చట్టం అంత అడగదు. తన వస్తువు కోసం చేసేది చేస్తే చాలంటుంది. మీ యార్డు ఆయన ఆ పాటి చేశాడా అన్నదే ప్రశ్న. వాచ్‌మన్ జీతం రిజిస్టరు ఉందా, గేటు దగ్గర వచ్చేపోయే వాళ్ళ పేర్లు రాస్తారా, వెనక కంచె తెగి ఉందా, అంతకుముందు అక్కడ దొంగతనాలు జరిగాయా? గేర్ బాక్సు ఊడదీయడానికి రెంచీలు కావాలి, కొంచెం సేపు పడుతుంది. గోడ దూకి నిమిషంలో ఎత్తుకుపోయేది కాదు. అంతసేపు వాచ్‌మన్ ఎక్కడున్నాడని నేనైతే మొట్టమొదట అడుగుతాను.

యార్డు వకీలు చెప్పబోయేది ముందే చెబుతాను. “మేము స్థలం మాత్రమే అద్దెకిచ్చాం, బోటును మా చేతికి తీసుకోలేదు” అంటారు. స్థలం మాత్రమే ఇస్తే అప్పగింత లేనట్టే, నిజం. దానికి మీ చేతిలో ఉన్న గట్టి జవాబు ఆ 8,000 రూపాయల బిల్లు. అతుకు వేయాలంటే బోటు వాళ్ళ చేతికి రావాలి, వాళ్ళ పనివాళ్ళు దాన్ని తిప్పాలి, ఎత్తాలి. చేతికి తీసుకోకుండా అడుగున అతుకు ఎలా వేశారు? ఆ బిల్లు జాగ్రత్తగా దాచుకోండి.

ఇక పెట్టె సంగతి. మన మద్రాసు హైకోర్టుదే 1938లో రిపోర్టయిన పాత తీర్పు ఒకటి ఉంది, లా కాలేజీలో ఇప్పటికీ చెబుతారు. ఒకావిడ పాత నగలు కరిగించి కొత్తవి చేయమని కంసాలికి ఇచ్చింది. రోజూ సాయంత్రం సగం అయిన నగలను తీసుకుని, కంసాలి ఇంట్లోని గదిలోనే ఒక పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి తనతో తీసుకెళ్ళేది. ఒక రాత్రి నగలు పోయాయి. కంసాలి బాధ్యుడు కాడంది కోర్టు: సాయంత్రం నగలు వెనక్కి తీసుకున్న క్షణంలోనే అప్పగింత ముగిసింది, గది ఎవరిదైనా వస్తువు ఆవిడ స్వాధీనంలోనే ఉంది. మీ జీపీఎస్‌కు ఈ తీర్పు అడ్డం వస్తుంది. మీకూ ఆవిడకూ ఒక తేడా ఉందని వాదించవచ్చు. ఆవిడ పెట్టె కంసాలికి అప్పగించలేదు, మీరు పెట్టె బిగించి ఉన్న బోటునంతటినీ యార్డుకు అప్పగించారు. అయినా రసీదులో జీపీఎస్, బ్యాటరీ రాయించలేదు గదా? లోపల ఏముందో వాళ్ళకు తెలుసని మీరు చూపించాలి. అడగండి, వదలకండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. ఇంజను అలా కాదు. అది ఎదురుగా కనబడుతూ బిగించి ఉంది, దానికి కాపలా ఉన్నది గేటు తాళమే, అది వాళ్ళది.

రసీదు వెనక అచ్చేసిన మాటకు భయపడకండి. 2019 నవంబరులో సుప్రీంకోర్టు తాజ్ మహల్ హోటల్ కేసులో దీన్నే తేల్చింది. 1998లో ఢిల్లీలో ఒకరు ఆ హోటల్‌కు వెళ్ళి, కారు తాళంచెవి హోటల్ మనిషికి ఇచ్చారు. కారు దొంగల పాలైంది. పార్కింగ్ చీటీ మీద యజమానిదే బాధ్యత అని ఉంది. వస్తువును చేతికి తీసుకున్నాక, తాము తగిన జాగ్రత్త పడ్డామని ముందు చూపించకుండా, చీటీ మీది మాట అడ్డం పెట్టుకుని తప్పించుకోవడం కుదరదంది కోర్టు. ఆ తీర్పు హోటళ్ళ గురించి. యార్డుకూ అదే న్యాయం వర్తిస్తుందని నేను ధైర్యంగా వాదిస్తాను.

మీ తమ్ముడు వచ్చి వెళ్ళాడన్న మాట విని మీరు కుంగిపోయినట్టున్నారు. కుంగకండి, అది మీకే సాక్ష్యం. కార్బొరేటర్ లేని ఇంజను స్టార్ట్ కాదు. డిసెంబరు 20న ఇంజను నడిచిందంటే ఆ రోజుకు కార్బొరేటర్ దాని మీదే ఉంది. దొంగతనం ఆ తర్వాతే జరిగింది. తమ్ముడు వచ్చి వెళ్ళాడని యార్డు ఆయన తన నోటితోనే ఒప్పుకున్నాడు. ఆ రోజు తమ్ముడు ఫోనులో ఫోటో గానీ వీడియో గానీ తీసుంటే చెరపనివ్వకండి.

బోటు పట్టుకుని కూర్చోవడం గురించి. ఒక వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు ఆ పని డబ్బు వచ్చేదాకా దాన్ని ఆపుకోవచ్చని 170వ సెక్షన్ చెబుతుంది. కనుక అతుకు 8,000కు ఆయనకు హక్కుంది. అద్దె బాకీకి లేదు. ఉత్తినే ఉంచుకోవడం నైపుణ్యం కిందికి రాదు. పాత బాకీలన్నిటికీ వస్తువు ఆపే హక్కు 171 కింద బ్యాంకులు, రేవు గట్టున సరుకు దించుకునేవాళ్ళు వంటి కొద్దిమందికే ఉంది. మిగతా వాళ్ళకు ఆ మేరకు స్పష్టంగా చెప్పుకున్న ఒప్పందం ఉండాలి. రసీదులో అలాంటి మాట ఉందేమో చూడండి. లేకపోతే 8,000 కట్టేసి, “అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, నష్టపరిహారం హక్కు వదులుకోవడం లేదు” అని రాసి, బోటు అడగండి. అద్దె సంగతి మీ పరిహారంతో కలిపి తేల్చుకోవచ్చు.

కానీ బోటు కదిలించే ముందు ఒక పని చేయాలి. మెకానిక్‌ను అక్కడికే తీసుకెళ్ళి, ఊడదీసిన చోట్లు, పగిలిన పెట్టె, ఆ చుట్టూ కంచె ఫోటోలు తీయించి, ఏయే భాగాలు పోయాయో సంతకంతో రాయించండి. బోటు గేటు దాటాక ఆ ఆనవాళ్ళు మళ్ళీ దొరకవు. అదే రోజు యార్డుకు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి: సీసీటీవీ దృశ్యాలు, గేటు రిజిస్టరు భద్రపరచమని. ఆ యంత్రాలు కొన్ని రోజులకు పాత దృశ్యాల మీద కొత్తవి రాసేసుకుంటాయి. రేపు రేపని ఆగవద్దు.

సీఎస్ఆర్ చీటీ అంటే మీ ఫిర్యాదు అందిందన్న రసీదు మాత్రమే, అది ఎఫ్ఐఆర్ కాదు. దొంగతనం భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద నేరం. ఇంజను నంబరు, కొన్న బిల్లు, మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ కాగితం పట్టుకెళ్ళి ఎఫ్ఐఆర్ అడగండి. స్టేషన్‌లో నమోదు చేయకపోతే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పై అధికారికి పోస్టులో రాయవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళవచ్చు. యార్డు వాళ్ళే తీశారని మాత్రం ఆధారం లేకుండా రాయకండి. వాళ్ళ నిర్లక్ష్యం చాలు మీ కేసుకు.

బోటుకు ఇన్సూరెన్సు ఉంటే పాలసీ ఈ రోజే తీసి చదవండి. చాలా బోటు పాలసీల్లో బయటి ఇంజను పోతే, బిగింపుకు తోడు వేరే తాళం కూడా వేసి ఉండాలని గానీ, తలుపో గేటో బద్దలుకొట్టి లోపలికి వచ్చిన గుర్తు ఉండాలని గానీ షరతు ఉంటుంది. ఆ గుర్తు కోసం కూడా ఫోటోలు కావాలి.

పరిహారం అడగడానికి వినియోగదారుల కమిషన్ మీకు దగ్గరి దారి. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, గడువు రెండేళ్ళు. సేవకు కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు. “చేపలు పట్టి అమ్ముకునేవాడు వ్యాపారస్తుడు, వినియోగదారుడు కాడు” అని వాళ్ళు అడ్డుకోవచ్చు. సొంత కష్టంతో బతుకు తెరువు కోసం చేసేది వ్యాపారం కిందికి రాదని చట్టంలోనే ఉంది. ఒకరిద్దరు సాయం ఉన్నంత మాత్రాన ఆ రక్షణ పోదని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మీరే బోటెక్కి వేటకు పోతారని తమ్ముడి చేత, పక్క బోటు వాళ్ళ చేత ప్రమాణపత్రం రాయించండి. పోయిన వేట రోజుల నష్టం కూడా అడగండి. కాసిమేడు వేలంలో మీకు వచ్చిన పాత చీటీలు ఉంటే, రోజుకు ఎంత వచ్చేదో అవే చెబుతాయి.

ప్రశ్న: అక్కా, పక్కింటాయన పెళ్ళికి ఊరెళుతూ తన బోటు ఇంజను మా వరండాలో పెట్టి వెళ్ళాడు. డబ్బేమీ తీసుకోలేదు. మా గ్యాసు సిలిండరు, ఆ ఇంజను రెండూ ఒకే గొలుసుతో కట్టి తాళం వేశాను. గొలుసు కోసి రెండూ ఎత్తుకుపోయారు. ఇప్పుడాయన డబ్బు కట్టమంటున్నాడు.
(ఒక గృహిణి, కాసిమేడు)

జవాబు: డబ్బు తీసుకోలేదు కనుక బాధ్యత లేదని అనుకోకమ్మా. మన చట్టంలో అద్దె పుచ్చుకున్నా, ఊరికే ఉంచుకున్నా జాగ్రత్త కొలత ఒక్కటే. కానీ ఆ కొలతలో నువ్వు నెగ్గుతావనే నాకనిపిస్తోంది. సొంత వస్తువును ఎలా చూసుకున్నావో పరాయి వస్తువునూ అలాగే చూశావు, ఒకే గొలుసు, ఒకే తాళం. మామూలు మనిషి అంతకన్నా ఏం చేస్తాడని కోర్టు అడుగుతుంది. వరండాకు గేటుందా, ఆ గేటు రాత్రి మూశావా అన్నది మాత్రం తప్పక అడుగుతారు. కోసిన గొలుసు పారేయకు, సిలిండరు పోయిందని గ్యాసు ఏజెన్సీకి రాసిచ్చిన కాగితం కాపీ దాచు. ఆయనతో గుమ్మంలో నిలబడి వాదించడం మాని, జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి తేదీ వేసి ఇవ్వు. ఎఫ్ఐఆర్ ఆయన పేరునా నీ పేరునా రెండు వస్తువులకూ కలిపి పెట్టించండి.