నిప్పులు ఎవరు చెరుగుతారు, అక్షింతలు ఎవరు వేస్తారు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: రాజకీయ వార్తలు దిద్దడం మా పని. నాయకుడు ఘాటుగా మాట్లాడిన ప్రతిసారీ ‘మండిపడ్డారు’, ‘ధ్వజమెత్తారు’, ‘దుయ్యబట్టారు’, ‘తూర్పారబట్టారు’ అని మార్చి మార్చి రాస్తాం. ఒకే మాట రెండుసార్లు రాకూడదనే తప్ప వేరే లెక్క లేదు. వీటి మధ్య నిజంగా తేడా ఉందా?

జవాబు: ఉంది. పునరుక్తి భయంతో మాట మారిస్తే ఒక్కోసారి వార్తే మారిపోతుంది. ‘మండిపడడం’ కోపాన్ని మాత్రమే చెబుతుంది. ఒక్క వాక్యం అన్నా మండిపడ్డట్టే. ఎవరు ఎవరి మీదైనా మండిపడవచ్చు కాబట్టి ఎటూ తేలనప్పుడు ఇదే క్షేమం. ‘ధ్వజమెత్తడం’ అలా కాదు. జెండా ఎత్తేది ఎదిరించేవాడు. ప్రతిపక్షం ప్రభుత్వంపై ధ్వజమెత్తుతుంది, కార్మిక సంఘం యాజమాన్యంపై ధ్వజమెత్తుతుంది. మంత్రి తన శాఖలో గుమాస్తాపై ధ్వజమెత్తాడని రాస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది.

‘తూర్పారబట్టడం’ కళ్లంలో చేసే పని. నూర్చిన ధాన్యాన్ని ఎత్తు నుంచి గాలివాటుకు పోస్తే గింజ కింద పడుతుంది, తాలూ పొల్లూ ఎగిరిపోతాయి. అంచేత ఈ మాట వాడాలంటే ప్రసంగంలో అలా విడదీసి చూపడం ఉండాలి. ఏ హామీ ఇచ్చారు, ఏం చేశారు, ఏ పద్దులో ఎంత చూపారు అంటూ ఒక్కొక్కటీ పట్టి మాట్లాడి ఉండాలి. మూడు నిమిషాల తిట్లకు ‘తూర్పారబట్టారు’ అని రాస్తే ఆ నాయకుడికి లేని శ్రమ అంటగట్టినట్టే. ‘ఎండగట్టడం’ దీనికి దగ్గరిదే. కాకపోతే అది అవినీతికి, వైఫల్యానికి, ద్వంద్వ వైఖరికి బాగా నప్పుతుంది. మనిషి పేరు పెట్టవలసి వస్తే ‘ఆయన తీరును ఎండగట్టారు’ అనండి.

‘దుమ్మెత్తిపోశారు’ దగ్గర మాత్రం చాలా జాగ్రత్త కావాలి. ఆ విమర్శలో పస లేదు, బురద జల్లడమే ఉంది అన్న తీర్పు ఆ మాటలోనే ఉంది. విలేకరి తన మాటగా రాస్తే ఒక పక్షాన చేరిపోయినట్టే. అవతలి పార్టీవారు అలా అంటే వారి మాటగానే ఇవ్వండి.

తరచుగా దొర్లే తప్పు ఇంకొకటి, విభక్తిది. మండిపడడం, ధ్వజమెత్తడం, విరుచుకుపడడం, నిప్పులు చెరగడం ‘పై’ లేదా ‘మీద’ను కోరతాయి. దుయ్యబట్టడం, తూర్పారబట్టడం, ఎండగట్టడం ‘ను’ను కోరతాయి. చివరి నిమిషంలో శీర్షికలో క్రియ ఒక్కటే మార్చి ముందున్న ‘పై’ని వదిలేయడం వల్లే ‘ప్రభుత్వంపై దుయ్యబట్టిన నేత’ లాంటివి అచ్చవుతున్నాయి. క్రియ మార్చినప్పుడల్లా ముందు మాట చివర ఏముందో చూడండి.

ప్రశ్న: ‘నిప్పులు చెరిగారు’ సరైనదా, ‘నిప్పులు చెరిపారు’ సరైనదా?

జవాబు: చెరిగారు. చాటలో పోసి ఎగరేసి పొట్టు పోగొట్టడాన్ని చెరగడం అంటారు. ఇక్కడ చాటలో ఉన్నవి నిప్పులు. చెరపడమంటే తుడిచేయడం, దానికీ దీనికీ పొత్తు లేదు. ‘నిప్పులు చెరుగుతూ’, ‘నిప్పులు చెరిగిన’ అనేవి కూడా ఇదే దారి.

ప్రశ్న: కోర్టు వార్తల్లో ‘అక్షింతలు’, ‘మొట్టికాయలు’ అని రాస్తున్నారు. ఇవి ఎక్కడైనా వాడవచ్చా?

జవాబు: రెండూ పైనుంచి కిందికే పడతాయి. అక్షింతలు పెద్దవాళ్లు చిన్నవాళ్ల తలమీద వేసేవి, మొట్టికాయ తగిలేదీ అక్కడే. కాబట్టి కోర్టు అధికారులకు అక్షింతలు వేస్తుంది, అధికారి కింది ఉద్యోగికి వేస్తాడు. ‘అధ్యక్షుడికి సభ్యుల అక్షింతలు’ కుదరదు, అక్కడ ‘నిలదీశారు’ చాలు. విచారణలో నోటితో అన్న వ్యాఖ్యలకే వీటిని ఉంచండి. ఉత్తర్వులో రాసి ఉంటే ‘తప్పుబట్టింది’ అనడం న్యాయం. ‘అభిశంసించింది’ అనే మాటను మామూలు మందలింపుకు వాడకండి. చట్టసభల్లో అభిశంసన తీర్మానానికి వేరే విధానం, వేరే ఫలితం ఉన్నాయి. చీవాట్లు ‘పెడతారు’, ‘తింటారు’, ‘వేయరు’.

ప్రశ్న: అనువాదం చేస్తుంటాను. టిరేడ్, హరాంగ్, డయాట్రైబ్, ఫిలిప్పిక్, జెరిమియాడ్ అన్నిటికీ ‘దూషణ’ అనే రాయవలసి వస్తోంది. దారి చెప్పండి.

జవాబు: ఒక్కొక్కదానిలో ఏది ముఖ్యమో పట్టుకోండి. టిరేడ్‌లో ముఖ్యం ఆగకపోవడం. ఫ్రెంచి నాటకరంగంలో ఒక పాత్ర ఏకబిగిన చెప్పే సుదీర్ఘ సంభాషణకూ ఇదే పేరు, కోపం ఉండాలన్న నియమం అక్కడ లేదు. తెలుగులో దీనికి ‘తిట్ల దండకం’ చక్కగా సరిపోతుంది. దండకం పద్యంలా నాలుగు పాదాలకు ఆగదు, ఒకే గణం మీద సాగిపోతుంది. హరాంగ్‌కు ఎదురుగా జనం కావాలి. ‘ఉద్రేక ప్రసంగం’ అనండి. డయాట్రైబ్ మొదట గ్రీకులో కాలం గడపడం, తాత్త్విక చర్చ. ఇప్పుడది కటువైన దాడి, రాతలోనూ ఉండవచ్చు. సందర్భాన్ని బట్టి ‘నిందావ్యాసం’, ‘నిందాప్రసంగం’ వాడండి.

ఫిలిప్పిక్‌కు ఒక మనిషి గురి. మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ నుంచి ముప్పు ఉందని ఏథెన్స్ ప్రజలను హెచ్చరిస్తూ గ్రీకు వక్త డెమోస్తనీస్ చేసిన ప్రసంగాలకు వచ్చిన పేరది. మొదటిది క్రీ.పూ. 351 నాటిది. క్రీ.పూ. 44–43లో రోమన్ సేనాని మార్క్ ఆంటొనీకి వ్యతిరేకంగా రోమన్ వక్త సిసెరో రూపొందించిన 14 ప్రసంగాలకూ అదే పేరు నిలిచింది. వాటిలో రెండోది సభలో చదవనే లేదు, రాతప్రతిగా తిరిగింది. క్రీ.పూ. 43 డిసెంబరులో సిసెరోను చంపించారు. ఇంత బరువున్న మాటను ‘తిట్ల దండకం’ అంటే తేలిపోతుంది. అధిక్షేప శతకాలున్న భాష మనది, ‘అధిక్షేప ప్రసంగం’ అనండి.

జెరిమియాడ్ బైబిలులోని ప్రవక్త యిర్మీయా పేరు మీద పుట్టింది. లోకం చెడిపోయింది, వినాశం తప్పదు అనే దుఃఖం అందులో కోపం కంటే ముందుంటుంది. తెలుగు బైబిలు పాఠకులకు ఆయన పేరుతో ముడిపడిన ‘విలాపవాక్యములు’ గ్రంథం తెలిసినదే కాబట్టి ‘విలాపం’ అనే మాట ఇక్కడ పరాయిగా ఉండదు.

ప్రశ్న: కథలో ఒక పాత్ర ఇంట్లో పేజీడు కోప్పడాలి. రాస్తే ఉపన్యాసంలా వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ కోపం పేరు తేల్చుకోండి. సాధింపుకు పాత లెక్కలు కావాలి, పదేళ్ల నాటి సంగతి ఇవాళ్టి గొడవలోకి రావాలి. శాపనార్థాలకు రేపు కావాలి, ఏమీ చేయలేని మనిషి ‘నీ ఉసురు తగులుతుంది’ అంటుంది. సణుగుడుకు ఎదురుగా ఎవరూ ఉండనక్కర్లేదు.

వాక్యం విషయానికొస్తే, కోపంలో మనిషి ‘అందువలన’, ‘అయినప్పటికీ’ అనడు. జవాబు అక్కర్లేని ప్రశ్నలు వేస్తాడు, అన్నదే మళ్లీ అంటాడు. సంబోధన కూడా మారుతుంది. ఒక తల్లి కొడుకుతో అనే ఈ మాటలు చూడండి: “ఎన్నిసార్లు చెప్పాను? చెప్పానా, లేదా? విన్నావా? నేనెవర్నిలే చెప్పడానికి. తమరు పెద్దవారైపోయారు, తమరికన్నీ తెలుసు. కానివ్వండి.” ‘నువ్వు’ నుంచి ‘తమరు’కు ఎక్కిన చోట కోపం ముదిరింది. అక్కడ ‘ఆమె కోపంగా అంది’ అని మళ్లీ రాయనక్కర్లేదు. పేజీ అంతా ఒకే మోతలో నడపకండి. అయిదారు వాక్యాలకోసారి ఒక చిన్న పని పెట్టండి, గిన్నె తోయడమో తలుపు వేయడమో. చదివేవాడికి ఊపిరి అందుతుంది, మాటలకు మళ్లీ పదును వస్తుంది.

ప్రశ్న: రెండు గంటల కోపపు ప్రసంగాన్ని ‘ఊకదంపుడు’ అనవచ్చా?

జవాబు: అందులో సారం లేకపోతేనే. ఊక ఎంత దంచినా బియ్యం రావు. ఆ మాట నిడివి గురించో కోపం గురించో కాదు. వివరాలతో సాగిన రెండు గంటల విమర్శకు ఆ పేరు పెట్టడం తప్పు.