ఎంటర్ కొట్టేముందు ఒక్కసారి చదువు

చిన్నా,

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ లాంటిదే అయిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసుకుంటానని, ఈ శనివారమే పని కానిచ్చేస్తానని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఏమో నీ మెషీన్‌కి ఎక్కనంటోంది. శుభ్రంగా పనిచేస్తున్నదాన్ని మూలన పడేయడానికి మనసొప్పడం లేదన్నావు. నిజమే, నాకూ ఒప్పదు. వేసుకో. కానీ శనివారం కూర్చునేలోపు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

నేను చేసిన ఘనకార్యం ఒకటి చెబుతాను. అప్పటికి నాకు లినక్స్‌తో పదేళ్ల అలవాటు. కొత్తలో ప్రతిదీ భయపడుతూ, ఒకటికి రెండుసార్లు చూసుకుని చేసేదాన్ని. అంతా తెలుసన్న ధీమా వచ్చాకే దెబ్బతిన్నాను. ఒక ఐఎస్ఓ ఫైలుని (లినక్స్ ఇన్‌స్టాల్ చేసే ఫైలు) డీడీ అనే కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాను. డీడీ ఎక్కడికి రాస్తే అక్కడ ఉన్నదంతా చెరిగిపోతుంది. పెన్‌డ్రైవ్ పేరు ‘ఎస్‌డీబీ’ అని కొట్టాల్సిన చోట వేలు అలవాటుకొద్దీ హార్డ్‌డిస్క్ పేరు ‘ఎస్‌డీఏ’ అని కొట్టేసింది. డీడీ ‘ఖాయమేనా?’ అని అడిగే రకం కాదు, చెప్పింది చేసేస్తుంది. ఎంటర్ కొట్టి బట్టలు మడతపెట్టడానికి లేచి వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే పెన్‌డ్రైవ్ లైటు వెలగడమే లేదు. హార్డ్‌డిస్క్ లైటు మాత్రం ఆగకుండా మిణుకుమంటోంది. కాళ్ల కింద నేల కదిలినట్టయింది.

ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ రెండు రోజులు నడిపితే ఫొటోలు చాలావరకు వెనక్కి వచ్చాయి. పేర్లు లేవు, ఫోల్డర్లు లేవు. ‘ఎఫ్’తో మొదలై అంకెలతో సాగే పేర్లతో వేల ఫైళ్లు ఒకే కుప్ప. మీ తాతయ్యవి స్కాన్ చేసి పెట్టిన పాత ఫొటోలు అందులోనే ఉన్నాయి. ఏది ఏ సంవత్సరానిదో ఇప్పటికీ మీ అమ్మా నేనూ వాదించుకుంటూనే ఉంటాం.

అందుకే ముందు బ్యాకప్. రెండు కాపీలు తియ్యి, అందులో ఒకటి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మెషీన్‌కి తగిలించి ఉండకూడదు. కాపీ అయిందని కంప్యూటర్ అంటే నమ్మేయకు. వేరే మెషీన్‌లో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడు. విండోస్‌ని కూడా పక్కన ఉంచుకునే ఆలోచన ఉంటే బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకో, ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు. సగం నిద్రలో ఉన్న ఆ డిస్కులో లినక్స్ రాయనంటుంది, నువ్వేమో ఏదో పాడైందని కంగారుపడతావు.

ఏ డిస్ట్రో, అంటే లినక్స్‌లో ఏ రకం అని అడిగావు. మింట్ గానీ ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) గానీ వేసుకో. దీని మీద జనం రాత్రింబవళ్లు పోట్లాడుకుంటారు, నువ్వు అందులో తలదూర్చకు. వెంటనే ఇన్‌స్టాల్ కూడా చేయకు. పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి చూడు. వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, మూత వేసి తీస్తే మెషీన్ లేస్తోందా? ఈ మూడోది ఎవరూ చూడరు, తర్వాత ఎక్కువమంది తిట్టుకునేది దాన్నే.

టెర్మినల్, అదే కమాండ్లు టైప్ చేసే కిటికీ, అంటే టెన్షన్ అన్నావు. మొదటిరోజు సుడో (అడ్మిన్ హక్కుతో పని చేయించే కమాండ్) పాస్‌వర్డ్ అడుగుతుంది, నువ్వు టైప్ చేస్తుంటే స్క్రీన్ మీద చుక్క కూడా కనపడకపోవచ్చు. కీబోర్డు పోయిందనుకోకు, అక్కడ పద్ధతే అంత. గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కు.

గుడ్డిగా కొట్టదగింది ఆ పాస్‌వర్డ్ ఒక్కటే. ఎవరో ఇచ్చిన కమాండ్ ఏదైనా అతికించే ముందు అందులో ఒక్కో ముక్కా ఏం చేస్తుందో మ్యాన్ పేజీ (ఆ కమాండ్ గురించి లినక్స్‌లోనే ఉండే వివరణ) తెరిచి చూడు. ప్రోగ్రాములు వేసే, తీసే ఏపీటీ అనే కమాండ్‌తో ఒక చిన్న ప్రోగ్రామ్ తీసేయబోతే, దాంతో పాటు ఏమేం పోతాయో ముందే జాబితా చూపిస్తుంది. మనం ఆ జాబితా చదవకుండా ‘వై’ కొట్టేస్తాం, డెస్క్‌టాప్ మొత్తం మాయమయ్యాక లినక్స్ మంచిది కాదంటాం. మరీ ప్రాణాధారమైన ప్యాకేజీ తీయబోతే ‘యెస్, డూ యాజ్ ఐ సే’ అని వాక్యమంతా టైప్ చేయించేవాళ్లు. పాపం, అంతకన్నా ఇంకేం చేస్తారు?

కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది కాబట్టి ఇందులో మోసం ఉండదని నీకెవరో చెప్పారట. 2024 మార్చిలో ఏం జరిగిందో తెలుసా? ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ ప్రోగ్రామ్‌లోకి, దాని బాగోగులు చూసే హోదా సంపాదించిన ఒకడే దొంగదారి పెట్టేశాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ వేరే పనేదో కొలుస్తుంటే, ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కి మామూలు కన్నా అర సెకను ఎక్కువ పడుతోందని కనిపెట్టాడు. మనమైతే నెట్ స్లోగా ఉందనుకుని ఊరుకునేవాళ్లం. ఆయన తీగ లాగాడు, డొంకంతా కదిలింది. దొంగదారి ఉన్న 5.6.0, 5.6.1 వెర్షన్లు చాలా సర్వర్లకు చేరకముందే దొరికిపోయాయి. కోడ్ తెరిచి ఉండటం వల్ల ఆయన లోపలికి వెళ్లి చూడగలిగాడు. చూడాలనిపించడం మాత్రం ఆయన గుణం.

నీకు కోడ్ రాదు కదా, నువ్వేం చూస్తావంటావా? ఒకసారి నేను పీడీఎఫ్ ప్రింటుకి ఇస్తే తెలుగు వత్తులు విడిపోయి పక్కకి జరిగి వచ్చాయి. విసుగొచ్చి ‘తెలుగు ప్రింట్ రావడం లేదు’ అని ఒక్క ముక్క బగ్ రిపోర్టు పడేశాను. రెండు వారాలు ఎవరూ పలకలేదు. తర్వాత ఒకాయన ఓపిగ్గా అడిగాడు: ఏ వెర్షన్, ఏ ఫాంట్, ఫైలు పంపగలరా? సిగ్గేసింది. కూర్చుని ఒక్క మాటతో ఫైలు చేశాను: ‘స్త్రీ’. ఒక ఫాంట్‌లో చక్కగా వచ్చింది, ఇంకో ఫాంట్‌లో తవొత్తు ఎటో పోయింది. తప్పు ప్రోగ్రామ్‌ది కాదు, ఫాంట్‌ది. ఆయనే ఆ ఫాంట్ చేసేవాళ్లకి చేరవేశాడు, తర్వాతి వెర్షన్‌లో సరిచేశారు. నేను ఒక్క లైను కోడ్ రాయలేదు. నువ్వు ఎప్పుడైనా బగ్ రిపోర్టు రాస్తే ఏం చేశావు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఈ మూడూ రాయి. ఎర్రర్ మెసేజ్‌ని నీ మాటల్లో చెప్పకు, ఉన్నదున్నట్టు అతికించు. అటువైపు ఉన్నవాళ్లలో చాలామంది జీతం లేకుండా, ఉద్యోగం అయ్యాక ఆ పని చేసేవాళ్లని కూడా గుర్తుంచుకో.

ఆఫీసు ఫైళ్ల సంగతి. వర్డ్ బదులు లినక్స్‌లో వాడే లిబ్రెఆఫీస్‌లో డాక్స్ (వర్డ్ ఫైలు) తెరిస్తే పేజీలు జరిగినట్టు కనిపిస్తే సగంసార్లు కారణం ఫాంటే. కాలిబ్రి ఫాంట్ లేకపోతే కార్లిటో ఫాంట్ వేసుకో, అక్షరాల వెడల్పు అదే కాబట్టి లైన్లు కదలవు. చదవడానికే అయితే పీడీఎఫ్ పంపు, గొడవ ఉండదు. అయినా కుదరని ప్రోగ్రామ్ ఏదైనా నీ పనికి తప్పనిసరైతే దానికోసం విండోస్ ఉంచుకో. మా వయసులో దీన్నొక మతంలా పట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను, వాళ్ల పనులు మాత్రం ఆగిపోయి ఉండేవి.

శనివారం బ్యాకప్ ఒక్కటే పెట్టుకో. ఆదివారం పెన్‌డ్రైవ్ గుచ్చాక ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని కొట్టు, డిస్కులన్నీ సైజులతో సహా చూపిస్తుంది. ఆ స్క్రీన్ ఫొటో తీసి నాకు పంపు. ఏది పెన్‌డ్రైవో, ఏది హార్డ్‌డిస్కో ముందు నువ్వు చెప్పు, ఆ తర్వాత నేను చెబుతా.

మీ పెద్దమ్మ