ఇంటర్న్‌షిప్‌కి వెళ్తున్న మా మేనకోడలికి

అమ్మలూ,

ఈ వేసవి సెలవుల్లో మాదాపూర్‌లో మసాలాల కంపెనీ మార్కెటింగ్ డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్న్‌షిప్ చేయబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత సంతోషమేసిందో! పదకొండో తరగతి పిల్ల తనంతట తానే మెయిల్ రాసి, ఇంటర్వ్యూకి వెళ్లి, అవకాశం తెచ్చుకోవడం మన ఇంట్లో ఇదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక మాత్రం నాకు నిద్ర పట్టలేదు. నా ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది కదా, ఎక్కడెక్కడ కాలు జారుతుందో తెలుసు.

తేలిక విషయాలు ముందు చెప్పేస్తాను. పది నిమిషాల ముందే వెళ్లు. చిన్న నోట్‌బుక్ పెట్టుకుని చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఎక్సెల్ ఇప్పటినుంచే కొంచెం ప్రాక్టీస్ చెయ్యి. మార్కెటింగ్ అంటే రంగురంగుల యాడ్లు అనుకుంటావేమో, మొదటి వారం నీ చేతికొచ్చేవి డీలర్ల లిస్టులూ, ఏ జిల్లాలో ఎంత అమ్మామన్న షీట్లూ. విసుక్కోకు. మధ్యాహ్నం అందరితో కలిసి అన్నం తిను, ఫోన్ చూసుకుంటూ మూల కూర్చోకు.

ఇక అసలు సంగతి. నేను విజయవాడలో మిక్సీలూ ఫ్రిజ్‌లూ అమ్మే షాపుల సంస్థలో పనిచేసే రోజుల్లో, కాలేజీ సెలవుల్లో పని నేర్చుకుంటానని ఒక డిగ్రీ అబ్బాయి వచ్చాడు. నీలాగే చురుకైనవాడు. అప్పుడు మేం ఆషాఢం ఎక్స్ఛేంజ్ మేళా పెట్టాం. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, గిరాకీ పడిపోతుంది, అందుకే షాపులవాళ్లు ధరలు తగ్గించి సరుకు కదిలిస్తారు. శ్రావణం వచ్చిందంటే మళ్లీ కొనుగోళ్లు మొదలు. ఈ లెక్క గుర్తుపెట్టుకో, నీకు పనికొస్తుంది. పాత మిక్సీ ఇస్తే కొత్తది తక్కువ ధరకు ఇస్తామన్నది మా ఆఫర్. న్యూస్‌పేపర్లో పెట్టి పంచడానికి కరపత్రం వేయిస్తున్నాం. ఫొటో ఇంకా పెద్దగా ఉండాలన్నారు పైవాళ్లు. ఫొటో పెరిగింది, 'పాత మిక్సీ ఇచ్చినవారికి మాత్రమే' అన్న లైను ఎగిరిపోయింది.

మేనేజర్ ఆ రాత్రి ఊరెళ్తూ, ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు తప్పులు చూసుకోవడానికి ఇచ్చే నమూనా కాగితం, చూసి రమ్మని ఆ అబ్బాయిని ఒక్కణ్ణే ప్రెస్సుకి పంపాడు. ప్రెస్సువాళ్లు ప్రూఫ్ చేతికిచ్చి, ఓకే అని రాసి సంతకం పెట్టమన్నారు. అది వాళ్ల పద్ధతి. సంతకం పడ్డాక ఏ తప్పొచ్చినా ప్రెస్సుది కాదు. ఆ లైను లేదేమిటని పిల్లాడికి అనుమానం వచ్చింది, తర్వాత నాతో తనే చెప్పాడు. కానీ పొద్దుపోయింది, ఈ వేళప్పుడు ఫోన్ చేస్తే సార్ ఏమంటారోనని భయం. పెద్దవాళ్లు చూసే పంపించి ఉంటారులే అనుకుని సంతకం పెట్టేశాడు.

ఆదివారం పొద్దున షట్టర్ తీయకముందే షాపు ముందు జనం. గుడివాడ నుంచి, తెనాలి నుంచి బస్సులెక్కి వచ్చారు. ఒకావిడ కూతురికి సారెలో పెట్టడానికి చీటీ డబ్బులు ముడేసుకుని తెచ్చింది. పాత మిక్సీ ఏదమ్మా అని అడిగితే, కరపత్రం కౌంటర్ మీద పరిచి, "ఇందులో ఎక్కడుందో చూపించు బాబూ" అంది. మా దగ్గర జవాబు లేదు. గొడవ పెరిగాక, కాగితం తెచ్చినవాళ్లందరికీ ఆ ధరకే ఇచ్చేయమన్నాడు ఓనర్. నష్టం లెక్క తేల్చిన మీటింగ్‌లో మేనేజర్ ఒకే ఒక్క మాట అడిగాడు: "ప్రూఫ్ మీద సంతకం ఎవరిది?" దాంతో విచారణ అయిపోయింది. ఆ అబ్బాయి మర్నాటి నుంచి రాలేదు. సర్టిఫికెట్ కూడా తీసుకోలేదు.

నేర్చుకోవడానికి వచ్చిన పిల్లాణ్ణి ఒంటరిగా పంపినవాడిదే అసలు తప్పని ఇవాళ్టికీ అంటాను. కానీ ఆ మాట ఆ మీటింగ్‌లో ఎవరూ అనలేదు. అందుకే నీకు ఇంత వివరంగా చెప్తున్నాను. అనుమానం వస్తే అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ. "నువ్వే చూసి పోస్ట్ చేసెయ్" అని ఎవరైనా అంటే, "మెయిల్‌లో ఒకసారి ఓకే అనండి మేడమ్, వెంటనే చేసేస్తాను" అను. ధర, తేదీ, షరతు, ఫోన్ నంబరు, ఈ నాలుగూ వేలు పెట్టి చదువు. ఆరో తరగతిలో మార్కులు తగ్గాయని ప్రోగ్రెస్ కార్డు పరుపు కింద దాచి, రోజంతా అన్నం తినకుండా కూర్చున్నావు చూడు, నాకు భయం నీ ఆ మౌనం గురించే. తప్పు జరిగినా ఫరవాలేదు తల్లీ, లోపల దాచుకోకు.

ఆన్‌లైన్‌లో మన సరుకుకి ఐదు స్టార్లు ఇచ్చి, ఫ్రెండ్స్ చేత కూడా ఇప్పించమని అడగొచ్చు. చేయకు. కొనని సరుకు బాగుందని రాయడం అబద్ధమే. ఆన్‌లైన్ రివ్యూలు ఎలా ఉండాలో, సరుకులకి ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ బీఐఎస్ 2022లోనే ప్రమాణం కూడా పెట్టింది. కస్టమర్ల నంబర్లున్న షీటు నీ ఫోన్‌లోకి ఎక్కించుకోకు. ఐడీ కార్డుతో ఫొటో దిగి ఇన్‌స్టాలో పెడతావు, వెనకాల స్క్రీన్ మీద ఏముందో చూసుకో.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగుతావు. పగలు నాకు దిగుల్లేదు. క్యాంపెయిన్ లాంచ్ రోజుల్లో ఆఫీసులో రాత్రి తొమ్మిదీ పదీ అవుతుంది. అందరితో పాటు నేనూ ఉంటానంటావు, నాకు తెలుసు. ఉండకు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల చేత రాత్రి 7 నుంచి పొద్దున 8 వరకూ పని చేయించకూడదని 1986 నాటి చట్టం చెప్తోంది. నువ్వు చట్టం మాట ఎత్తక్కర్లేదు, మా అత్త ఒప్పుకోదని చెప్పు. ఎవరి మాటైనా, చూపైనా తేడాగా అనిపిస్తే, నేను ఇంటర్న్‌నే కదా, ఎవరు వింటారులే అనుకోకు. పని చోట ఆడవాళ్ల రక్షణకి వచ్చిన 2013 చట్టం ట్రైనీలకూ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ఆఫీసులో దానికోసం కమిటీ ఉండాలి. కానీ ముందు మాకు చెప్పు. అమ్మకి చెప్పలేకపోతే నాకు, అర్ధరాత్రైనా సరే.

ఒక్క కోరిక. మీ మేడమ్‌ని అడిగి ఒకరోజు సేల్స్‌వాళ్లతో కిరాణా షాపులు తిరుగు. మీ కారం ప్యాకెట్ల దండ ఎక్కడ వేలాడుతోంది, ఎవరైనా బ్రాండు పేరు చెప్పకుండా కారం అడిగితే షాపాయన ఏది తీసిస్తున్నాడు, దాని మీద ఆయనకి ఎంత మిగులుతుంది, ఇవి చూడు. ఆఫీసులో ఎంత కూర్చున్నా ఇవి తెలియవు. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టింది అలాంటి షాపుల ముందు నిలబడే.

రెండు కాటన్ కుర్తీలు కొరియర్ చేశాను. ఏసీ చలికి స్వెటర్ పెట్టుకెళ్లు, నీకు జలుబు త్వరగా పడుతుంది. మొదటి రోజు ఇంటికి చేరగానే ఫోన్ చెయ్యి. ఎవరు ఏం పని చెప్పారో, నువ్వేం అడిగావో అన్నీ నాకు చెప్పాలి.

మీ అత్త