ఎత్తు రెట్టింపు చేస్తే బంతి రెట్టింపు ఎగరాలా?

మీ పాప సైన్స్ ప్రాజెక్టు కోసం టెన్నిస్ బంతిని 1 మీటరు ఎత్తు నుంచి వదిలితే 60 సెంటీమీటర్లు లేచిందనీ, 2 మీటర్ల నుంచి వదిలితే 120 రావలసింది 113 మాత్రమే వచ్చిందనీ, పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియడం లేదనీ అడిగారు. పొరపాటు ఏమీ జరగలేదు. దయచేసి ఆ 113ను 120గా దిద్దించకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం, ఆరేళ్ల క్రితం మా అబ్బాయి చేత నేను సరిగ్గా ఆ పనే చేయించాను. అంకెలన్నీ సరళరేఖ మీద కూర్చునేలా సవరించి పంపితే, ప్రదర్శన చూడవచ్చిన మాస్టారు ఒకరు పట్టిక మీద వేలు పెట్టి, "బంతిని నిజంగా వదిలారా, ఇంట్లో కూర్చుని లెక్క కట్టారా?" అని అడిగారు. వాడు నా వైపు చూశాడు. ఆ వేసవి సెలవుల్లో మేమిద్దరం ప్రయోగాన్ని మొదటి నుంచీ మళ్లీ చేశాం.

ఎత్తు రెట్టింపయితే బంతి నేలను తాకేటప్పటి గతిజ శక్తి, అంటే కదలిక వల్ల దానికి ఉండే శక్తి, రెట్టింపవుతుంది కానీ వేగం రెట్టింపు కాదు. మొదటి మీటరు దాటడానికి 0.45 సెకను పడితే రెండో మీటరుకు 0.19 సెకను చాలు కాబట్టి, ఆ రెండో మీటరులో వేగం పెంచుకోవడానికి బంతికి దొరికే సమయం బాగా తక్కువ. అందువల్ల 1 మీటరు నుంచి పడిన బంతి సెకనుకు సుమారు 4.4 మీటర్ల వేగంతోనూ, 2 మీటర్ల నుంచి పడినది 6.3 మీటర్ల వేగంతోనూ నేలను తాకుతుంది. వేగం రెట్టింపు కావాలంటే 4 మీటర్ల ఎత్తుకు వెళ్లాలి.

తాకిన వేగంలో ఎంత వంతు వేగంతో బంతి తిరిగి లేస్తుందన్నది ప్రత్యావస్థాన గుణకం చెబుతుంది. లేచే ఎత్తును పడిన ఎత్తుతో భాగించి వర్గమూలం తీస్తే ఆ గుణకం వస్తుంది. అది మారని సంఖ్యే అయితే మీ పాపకు 120 వచ్చి తీరేది. అయితే వేగం పెరిగే కొద్దీ బంతి ఎక్కువగా నొక్కుకుపోతుంది, రబ్బరు లోపలి రాపిడిలో వేడిగా పోయే శక్తి వాటా కూడా పెరుగుతుంది, గుణకం కాస్త తగ్గుతుంది. మీ కొలతల్లో లేచిన ఎత్తు, పడిన ఎత్తులో 60 శాతం నుంచి 56.5 శాతానికి దిగడం అందువల్లే. అంతర్జాతీయ టెన్నిస్ నియమాల ప్రకారం మామూలు బంతిని 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్య లేవాలి, అంటే 53 నుంచి 58 శాతం. మీ అంకెలు ఆ వరుసలోనే ఉన్నాయి. ఎంత శాతం లేవాలో మాత్రమే చెప్పి ఊరుకోకుండా, వదలవలసిన ఎత్తును కూడా నియమంలో బిగించడానికి కారణం ఇదేనని నేను అనుకుంటున్నాను.

గాలి సంగతి టెన్నిస్ బంతికి ఈ ఎత్తుల్లో పెద్దగా లెక్కలోకి రాదు. టేబుల్ టెన్నిస్ (టీటీ) బంతికి మాత్రం అదే ప్రధానం. 2.7 గ్రాముల ఆ బంతిని మా అపార్ట్‌మెంటు మెట్ల మధ్య ఖాళీలోంచి మొదట 3 మీటర్ల ఎత్తు నుంచి, తరువాత 9 మీటర్ల ఎత్తు నుంచి వదిలాం. ఎత్తు మూడు రెట్లయినా అది లేచిన ఎత్తు ఒకటిన్నర రెట్లకు మించలేదు. గాలి లేకపోతే 9 మీటర్ల నుంచి పడిన బంతి సెకనుకు 13 మీటర్లకు పైగా వేగం అందుకోవాలి, కానీ ఆ బంతి చరమ వేగమే, అంటే గాలి అడ్డుకోవడం వల్ల ఎంత ఎత్తు నుంచి పడినా దాటలేని వేగమే, సెకనుకు 9 మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఇంకో నాలుగు అంతస్తులు ఎక్కి వదిలినా ఒరిగేదేమీ లేదు.

నేల విషయంలో మేము చాలా అవస్థ పడ్డాం. మలక్‌పేటలోని మా అమ్మగారి పాత ఇంట్లో షాబాద్ బండల మీద కొలిచినప్పుడు, ఒకే ఎత్తు నుంచి వదిలినా ఒక్కోసారి ఒక్కో అంకె వచ్చేది. చివరికి మేస్త్రీలాగా వేలి కణుపులతో తట్టి చూస్తే, కొన్ని బండల కింద సున్నం ఊడిపోయి బోలుగా ఉన్నట్లు తెలిసింది. అలాంటి బండ అదిరి, బంతికి తిరిగి రావలసిన శక్తిలో కొంత తానే తీసుకుంటుంది. టైల్స్ నేల అయినా ముందుగా తట్టి చూసి, గట్టిగా పలికిన ఒక్క చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, అన్నిసార్లూ అక్కడే వదలండి.

స్కేలు పక్కన కంటితో ఎత్తు చూడటం కంటే చెవిని నమ్మడం మేలు. బంతి చప్పుడును ఫోనులో రికార్డు చేసి, ధ్వని తరంగం చూపించే యాప్‌లో మొదటి తాకిడికీ రెండో తాకిడికీ మధ్య సమయాన్ని సెకన్లలో చూసి, దాని వర్గాన్ని 1.225తో గుణిస్తే బంతి లేచిన ఎత్తు మీటర్లలో వస్తుంది. 0.70 సెకను వస్తే 60 సెంటీమీటర్లు, 0.96 వస్తే 113.

ఇప్పుడున్న రెండు ఎత్తులకు తోడు అర మీటరు, ఒకటిన్నర మీటర్ల నుంచి కూడా ఒక్కో ఎత్తుకు అయిదు కొలతలు తీయించి, సగటుతో పాటు ఆ అయిదింటినీ పట్టికలో రాయించండి. ఎండలో పడి ఉన్న బంతిని డాబా మీద నుంచి తెచ్చి వెంటనే వదలకండి. వేడెక్కిన బంతి ఎక్కువ ఎగురుతుంది, గంటసేపు గదిలో ఉంచాక మొదలుపెట్టండి.