గాజు కాదు, పింగాణీ వెతుకు

చిరంజీవి అల్లుడికి, గుంతకల్లు నుంచి మీ మామ ఆశీస్సులు.

పాత తంతి (టెలిగ్రాఫ్) స్తంభాల మీది ఇన్సులేటర్లు, అదే తీగ స్తంభానికి తగలకుండా పట్టుకునే గిన్నెలు, పోగుచేస్తానని రాశావు. సంతోషం. మీ అత్త మాత్రం ‘ఇంకొకడు తయారైనాడు’ అంది.

గాజువే కావాలన్నావు చూడు, అక్కడే నాకు పేచీ. నువ్వు ఫోన్లో చూసే రంగురంగుల గాజు ఎక్కువగా అమెరికాది. మన దిక్కు తీగ మోసింది ఎక్కువగా తెల్ల పింగాణీ. మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా 1871లో రాయచూరుకు రైలు చేరింది, పట్టాల వెంబడే తంతి తీగలూ నడిచాయి. ఎవరైనా నీలం గాజు చేతిలో పెట్టి ‘దొరల కాలం గుత్తి లైనుది’ అంటే ముందు దాని మీది అచ్చు చదువు. హెమింగ్రే అని ఉంటే అది అమెరికా సరుకే. ముచ్చటేస్తే కొనుక్కో, గుత్తి కథకు మాత్రం డబ్బులివ్వొద్దు. ఊదా రంగు చూసి కూడా ఎగబడొద్దు. మాంగనీసు కలిపిన పాత గాజు ఏళ్ల తరబడి ఎండకు ఊదా తిరిగే మాట నిజమే, కానీ కిరణాలు పట్టించి రంగు తెప్పించేవాళ్లూ ఉన్నారు. వంకాయంత ముదురుగా ఉంటే అనుమానించు.

పింగాణీది దొరికితే బోర్లించి లోపల చూడు. మంచిదైతే అంచులోపల ఇంకో అంచు ఉంటుంది. వానకు బయటి అంచు తడిసినా లోపలిది పొడిగా ఉండి కరెంటు స్తంభంలోకి జారకుండా ఆపుతుంది. ఒక్కో స్తంభం దగ్గర కొంచెం కొంచెం జారినా, మైళ్ల పొడవునా లెక్కేస్తే అవతలి స్టేషన్లో తంతి యంత్రం కట్టకట అందదు మరి! తర్వాత గోటితో మీటు. కంగుమంటే సరే, మొద్దుగా మోగితే పగులుంది. బుల్లర్స్ లాంటి ఇంగ్లండు కంపెనీల ముద్రలు దొరుకుతాయి, కొన్నింటికి ఏడాది కూడా ఉంటుంది. ముద్ర లేనిదాన్నీ పారేయొద్దు.

స్తంభం మాత్రం ఎక్కొద్దు. పాడుబడిన లైనైనా సరే. పట్టాల పక్క పడున్నదీ ముట్టుకోవద్దు. రైల్వే సొత్తు అక్రమంగా ఉంచుకుంటే 1966 చట్టం కింద మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు. గుజిరీ అంగట్లో కొను, రసీదు రాయించుకో. అంగడాయన నవ్వుతాడు, నవ్వనీ.

తుప్పు పట్టిన ఇనప కమ్మీ లోపల ఇరుక్కుంటే సుత్తి పట్టొద్దు, అలాగే పెట్టుకో. మసికి సబ్బునీళ్లలో నానేస్తే చాలు. ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నావో చీటీ రాసి దానికే కట్టు. ఊరు పేరు పోతే అది ఉత్త పింగాణీ ముక్కే.

పండక్కి వచ్చినప్పుడు నా దగ్గర జతలున్నవాటిలో ఒకటి తీసుకుపో. ఏది కావాలో నువ్వే ఏరుకో, నేను చెప్పను.

మీ మామ