హవా మహల్ సంగతి సరే, మీ పాతింటికి సిమెంటు మాత్రం పుయ్యకండి

విశాఖ బీచ్ రోడ్డులోని హవా మహల్ రాజస్థాన్ జైపూర్ రాజులదా అని అడిగారు. వన్‌టౌన్‌లోని మీ పాతింటి గోడలకు చవుడు పడుతోందని, అంటే చెమ్మతో ఉప్పు తేలుతోందని కూడా రాశారు.

రాజస్థాన్‌తో ఏ చుట్టరికమూ లేదు. అది కొరాపుట్ దగ్గరి జయపురం సంస్థానం వారి మేడ, రామచంద్ర దేవ్ కట్టించింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా జయపురం మన విశాఖ జిల్లాలోనే ఉండేది. కొండమీది రాజుకు జిల్లా కేంద్రంలో, సముద్రం ఒడ్డున ఇల్లుండటంలో వింతేముంది? ఆయన తర్వాత గద్దెనెక్కిన విక్రమ దేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చారు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే. మేడ ముందు నిలబడి వీడియోలు తీసేవాళ్లలో ఒక్కరూ ఈ ముక్క చెప్పరు.

ఇక మీ గోడలు. ఈ ఊళ్లో పాతిళ్లు వయసు మీరి కూలడం లేదు, మరమ్మతుల వల్ల కూలుతున్నాయి. గానుగ సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో కట్టిన ఇటుక గోడ నేలలోంచి చెమ్మ పీల్చినా పైపూతలోంచి బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోయి పైకి పాకుతుంది. మొదటి ఏడాది గోడ నున్నగా మెరుస్తుంది, మేస్త్రీకి మంచి పేరొస్తుంది. మరుసటి వానలకు సిమెంటు ఆగిన గీతకు పైన తెల్లగా ఉప్పు తేలుతుంది. ఆ తర్వాత తాపీ పిడితో కొడితే డొల్ల మోత. చివరికి పెచ్చు ఊడుతుంది, దాంతోపాటు ఇటుక ముఖం కూడా. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు కరుగుతుంది, తగ్గితే మళ్లీ గడ్డకట్టి ఇటుకను లోపల్నించి పగలగొడుతుంది. విశాఖలో ఈ తంతు ఏడాదికి ఎన్నిసార్లో మీరే లెక్కేసుకోండి.

పని డిసెంబరులో, తుపాన్ల బెడద తగ్గాక మొదలుపెట్టండి. చెమ్మ గీతకు అర మీటరు పైదాకా సిమెంటు చెక్కించండి. ఉలి, చిన్న సుత్తి చాలు, డ్రిల్లింగ్ మెషీను వద్దు. ఇటుకల సందుల్ని 2 సెంటీమీటర్ల లోతు గీకి, కొన్ని వారాలు ఆరనివ్వాలి. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. నీళ్లతో కడిగితే తిరిగి లోపలికే పోతుంది. ఇంకా మిగిలితే నానబెట్టిన కాగితపు గుజ్జు అంగుళం మందాన పట్టించి, పూర్తిగా ఎండాక ఊడదీయండి. రెండు మూడు దఫాలు చేయాల్సి రావచ్చు.

పూతకు ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్లు ఏటి ఇసుక. సముద్రపు ఇసుక తగిలిందా, చవుడును డబ్బిచ్చి కొనుక్కున్నట్టే. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి. తొందరపడితే ఉడకని పలుకులు గోడమీదే ఉబ్బి, పూతకు చిన్న చిన్న గుంటలు పడతాయి. మొదటి పూత 12 మిల్లీమీటర్లు మించనివ్వకండి. గీతలు గీసి వారమాగి రెండోది పలచగా వేయించి, తడి గోనెసంచులు కప్పండి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలపమనేవారు ఉంటారు, కలిపితే తప్పేం లేదు. కానీ సున్నం నానకపోతే ఎన్ని కరక్కాయలు పోసినా దండగే.

రంగుకు సున్నమే వేయించండి. షాపువాడు అంటగట్టే ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే మళ్లీ గోడ ఊపిరి మూసినట్టే.